కంప్యూటరు పాడవలేదు - మరి ఆట ఎందుకు ఆగింది?

ఒక కంప్యూటరు ఉంది. తెర చక్కగా వెలుగుతోంది. కీబోర్డు మీద ఏ మీట నొక్కినా అక్షరం పడుతోంది. నిన్నటిదాకా దాని మీద ఆడుకున్న ఆన్‌లైన్ ఆట మాత్రం ఈ రోజు తెరుచుకోవడం లేదు. మీ ఆపరేటింగ్ సిస్టమ్ పాతదైపోయిందని ఒక వాక్యం కనిపిస్తోంది, అంతే. యంత్రంలో ఏ భాగమూ చెడిపోలేదు. మరి ఆటను ఆపినదెవరు? ఎందుకు ఆపారు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలలో ఉండేవారు ఈ ప్రశ్నను తప్పక ఆలోచించాలి. పెద్ద నగరంలో ఒక ఆఫీసు వాడి తీసేసిన కంప్యూటరు సెకండ్ హ్యాండులో చిన్న పట్టణానికి వస్తే, అక్కడ ఇంకా ఎన్నో ఏళ్లు పనిచేయగలదు. యంత్రాన్ని ఎక్కువకాలం జాగ్రత్తగా వాడుకునే చోటే ఈ చిక్కు ఎక్కువగా ఎదురవుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి?

కంప్యూటరులో ప్రాసెసరు, మెమరీ, డిస్కు, తెర వంటి భాగాలుంటాయి. ఆట అనే ప్రోగ్రాం వీటిని నేరుగా నడిపించదు. “తెర మీద ఈ బొమ్మ గీయి”, “ఈ కబురు ఇంటర్నెట్‌లో పంపు” అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. అది ఆ భాగాలచేత పని చేయించి పెడుతుంది.

నాగార్జునసాగర్ ఎడమ కాలువను ఉదాహరణగా తీసుకుందాం. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల రైతులు జలాశయం దాకా వెళ్లి నీళ్లు తెచ్చుకోరు గదా! కాలువలు, తూములు ఆ నీటిని పొలం దాకా తెస్తాయి. జలాశయాన్ని యంత్రభాగాలనీ, పొలాలను ప్రోగ్రాములనీ అనుకోండి. మధ్యనున్న కాలువల ఏర్పాటే ఆపరేటింగ్ సిస్టమ్.

ఒక పాత పిల్లకాలువను ఇకమీదట బాగుచేయబోమని అధికారులు ప్రకటించారనుకుందాం. నీళ్లు ఆ రోజే ఆగిపోవు. కాని పూడిక పేరుకుంటే తీసేవారుండరు. గండి పడితే పూడ్చేవారుండరు. ఆపరేటింగ్ సిస్టమ్ రిటైరవడమంటే సరిగ్గా ఇదే. అది చచ్చిపోదు. దానిని బాగుచేస్తామన్న మాట ఒక్కటే ముగిసిపోతుంది.

ఎక్స్‌పీ కథ

మైక్రోసాఫ్ట్ సంస్థ 2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పీని విడుదల చేసింది. తెలుగు లిపికి ఏర్పాటు ఉన్న తొలి విండోస్ ఇదే. ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు దీనితోనే వచ్చింది. పన్నెండున్నర ఏళ్ల తర్వాత, 2014 ఏప్రిల్ 8న దీనికి మరమ్మతులు నిలిపివేశారు. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆ సంస్థ అధిపతి అయి అప్పటికి రెండు నెలలైంది.

మరమ్మతు లేకపోతే ఏమవుతుందో 2017 మేలో లోకానికి తెలిసింది. వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాం విండోస్‌లోని ఒక లోపంగుండా లక్షల కంప్యూటర్లలో చొరబడింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దీని వాతపడ్డాయి. చివరకు రిటైరై మూడేళ్లయిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అత్యవసరంగా ఒక మరమ్మతు విడుదల చేయవలసివచ్చింది.

ఆటకూ దీనికీ ఏమిటి సంబంధం?

ఆన్‌లైన్ ఆటలో సగం మీ కంప్యూటరులో, సగం దూరాన ఉన్న సర్వరులో ఉంటుంది. ఈ రెండూ ఎప్పటికప్పుడు కలిసి మారుతుండాలి. అందువల్ల ఆట తయారీదారుకు మూడు చిక్కులు వస్తాయి.

మొదటిది బొమ్మల చిక్కు. విండోస్‌లో ఆటల బొమ్మలు గీయడానికి డైరెక్ట్‌ఎక్స్ అనే ఏర్పాటు ఉంది. ఎక్స్‌పీలో అది 9వ రూపం దగ్గరే ఆగింది. 10వ రూపం విండోస్ విస్టాతోనూ, 12వ రూపం 2015లో విండోస్ 10తోనూ వచ్చాయి. కొత్తదీ పాతదీ రెండూ నడవాలంటే బొమ్మలు గీసే భాగాన్ని రెండు విధాలుగా రాయాలి.

రెండవది రహస్యం చిక్కు. మీ పాస్‌వర్డు దారిలో ఎవరూ చదవకుండా దానిని సంకేతాలుగా మార్చి పంపుతారు. ఇందుకు వాడే టీఎల్ఎస్ 1.2 అనే పద్ధతి 2008లో వచ్చింది. అంతకు ఏడేళ్ల ముందు పుట్టిన ఎక్స్‌పీకి అది తెలియదు.

మూడవది అరువు భాగాల చిక్కు. ఏ తయారీదారూ అన్నీ తానే రాసుకోడు. ఇతరులు రాసిన భాగాలను తెచ్చి కలుపుకుంటాడు. వారు పాత విండోస్‌ను వదిలేస్తే ఇతడూ వదలక తప్పదు. ఆటలను అమ్మే స్టీమ్ అనే ప్రసిద్ధ ఆన్‌లైన్ అంగడి విషయంలో ఇదే జరిగింది. దాని లోపల క్రోమ్ బ్రౌజరు భాగాలున్నాయి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 విండోస్ 7ను వదిలేసింది. 2024 జనవరి 1 నుంచి స్టీమ్ కూడా విండోస్ 7, 8, 8.1లకు మద్దతు ఆపింది. ఎక్స్‌పీ, విస్టాలకు 2019 జనవరి 1ననే ఆపింది.

ఒక లెక్క వేద్దాం

సూర్యాపేటలో 2023లో ఐటీ హబ్ ప్రారంభమైంది. అలాంటి చోట నలుగురు యువకులు ఒక ఆన్‌లైన్ ఆట తయారుచేశారనుకోండి. అది 3 ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద, 4 రకాల గ్రాఫిక్స్ కార్డులతో, 5 పనులు సరిగా చేస్తోందో లేదో చూడాలి. 3 × 4 × 5 = 60 పరీక్షలు. ఒక్కొక్కటికి 10 నిమిషాల చొప్పున 10 గంటలు.

ఇప్పుడు ఒక పాత సిస్టమ్‌ను కూడా కలపండి. 4 × 4 × 5 = 80 పరీక్షలు. 13 గంటల 20 నిమిషాలు. ఆటను మార్చిన ప్రతిసారీ ఇదే శ్రమ. ఆడేవారు 1000 మంది ఉండి, పాత సిస్టమ్ వాడేవారు వారిలో 10 మందే అయితే, నూటికి ఒక్కరి కోసం పరీక్షల్లో నాలుగో వంతు శ్రమ పడాలి. పైగా ఆ పాత సిస్టమ్‌లో గండి పడితే తయారీదారు పూడ్చలేడు. అది అతని చేతిలో లేదు.

సరే, ఆ పదిమంది మాటేమిటి? వారూ డబ్బిచ్చి ఆటను కొని ఉండవచ్చు. కొత్త కంప్యూటరు కొనే స్తోమత వారికి లేకపోవచ్చు. లెక్క తయారీదారు పక్షాన ఉన్నంత మాత్రాన నష్టం లేదని చెప్పలేము గదా!

సంఖ్య ఎక్కువైతే లెక్క తలకిందులవుతుంది కూడా. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటను తయారుచేసే బ్లిజార్డ్ సంస్థ 2017లో ఎక్స్‌పీని, విస్టాను వదిలేసింది. కాని దాని ఆటగాళ్లలో విండోస్ 7 వాడేవారు అప్పటికి చాలామందే ఉన్నారు. అందుకని 2019 మార్చిలో ఆ ఆట కోసం మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌ఎక్స్ 12ను విండోస్ 7కు తెచ్చిపెట్టింది. విండోస్ 7 రిటైరయింది 2020 జనవరి 14న. అంటే రిటైరవడానికి పది నెలల ముందు దానికి కొత్త సౌకర్యం దక్కిందన్నమాట!

మంచి తయారీదారు ఏం చేయాలి?

ముందుగా చెప్పాలి. స్టీమ్ తన నిర్ణయాన్ని 2023 మార్చిలోనే, అంటే తొమ్మిది నెలల ముందే ప్రకటించింది. వీలైతే ఇంటర్నెట్ లేకుండా ఒంటరిగా ఆడుకునే రూపాన్నయినా మిగల్చాలి. సర్వరుతో పని లేని ఆట పాత యంత్రం మీద హాయిగా నడుస్తూనే ఉంటుంది.

వాడేవారికీ ఒక దారి ఉంది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితంగా దొరుకుతుంది. తెలుగులో కనిపించే లినక్స్‌ను హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ రూపొందించింది. విండోస్ ఆటలను లినక్స్ మీద నడిపే ప్రోటాన్ అనే పరికరాన్ని స్టీమ్ యజమాని అయిన వాల్వ్ సంస్థ 2018లో విడుదల చేసింది. అయితే మోసాలను పట్టుకునే ప్రత్యేక ప్రోగ్రాములున్న ఆన్‌లైన్ ఆటలు కొన్ని దీనిపై నడవవు.

ఈ కథ ఇంతటితో అయిపోలేదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10 కూడా రిటైరయింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్నవారికి మాత్రం మరో ఏడాది భద్రతా మరమ్మతులు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి. చాలా పాత కంప్యూటర్లలో అది లేదు.

చేసి చూడండి

ఫోన్లకూ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. మీ ఇంట్లోని ఫోను సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ అన్నచోట ఆండ్రాయిడ్ ఎన్నవదో, భద్రతా అప్‌డేట్ చివరిసారి ఎప్పుడు వచ్చిందో చూడండి. మీ తరగతిలో 20 ఇళ్ల వివరాలు పట్టికగా రాయండి. తర్వాత మీరే ఒక ఆన్‌లైన్ ఆట తయారుచేశారనుకోండి. అన్నిటికన్నా పాత ఆండ్రాయిడ్‌ను వదిలేస్తే మీకు ఎన్ని పరీక్షలు తగ్గుతాయి? మీ తరగతిలో ఎంతమంది ఆటకు దూరమవుతారు? రెండు సంఖ్యలనూ పక్కపక్కన రాసి, మీ నిర్ణయమేమిటో, ఎందుకో ఐదు వాక్యాలలో రాయండి.