పందెం ముగిసిన తరువాత

పందెంలో ఎవరు గెలిచారో మర్నాటి పేపరు చెబుతుంది. గెలిచినవాని ఫోటో కూడా వేస్తుంది. ఆ పేపరు రెండు రోజుల్లో పాతబడిపోతుంది. కాని పందెంలో పాల్గొన్నవారికి అసలు పరీక్ష ఆ మర్నాడే మొదలవుతుంది. ఒకరు ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరుస్తారు. మరొకరు స్నేహితుని శవపేటికకు భుజం పడతారు. మళ్ళీ అదే కారులో కూర్చోవాలా వద్దా అని ఇంకొకరు రాత్రంతా మథనపడతారు. ఈ వారం మన పాఠం ఆ 'తరువాత' గురించే. ఇందుకు 1994లో ఇటలీ దేశంలోని ఇమోలా పట్టణంలో జరిగిన ఫార్ములా వన్ పందెాన్ని తీసుకుందాం. దాని పేరు శాన్ మరీనో గ్రాండ్ ప్రీ.

ఈ కార్లు మనం రోడ్డు మీద చూసేవాటి వంటివి కావు. ఒక్కరే కూర్చుంటారు. నాలుగు చక్రాలూ బయటికే ఉంటాయి. పైకప్పు ఉండదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన విద్యుత్తు కార్ల పందేన్ని చూసినవారికి ఆ రూపం కొంత గుర్తుండే ఉంటుంది. ఆ కార్లలో డ్రైవరు తల చుట్టూ వంపు తిరిగిన ఒక బలమైన కమ్మీ కనిపించింది. 1994లో అటువంటిది లేదు. అది ఎలా వచ్చిందో చివరలో చెప్పుకుందాం.

మూడు రోజులలో జరిగింది

ఏప్రిల్ 29, శుక్రవారం. బ్రెజిల్‌కు చెందిన 21 ఏళ్ళ రూబెన్స్ బారికెల్లో కారు గాలిలోకి లేచి కంచెకు కొట్టుకుంది. ఆయనకు స్పృహ తప్పింది. వైద్యులు వెంటనే చేరి ప్రాణం నిలిపారు. వైద్య కేంద్రంలో ఆయనను చూడటానికి ముందుగా వచ్చినవారిలో ఐర్టన్ సెన్నా ఒకరు. సెన్నాదీ బ్రెజిల్ దేశమే. 1988, 1990, 1991లో ప్రపంచ ఛాంపియన్. ఆయన వయసు 34.

ఏప్రిల్ 30, శనివారం. ఆస్ట్రియాకు చెందిన రోలండ్ రాట్జెన్‌బర్గర్ కారు ముందు రెక్క విరిగిపోయింది. గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో కారు గోడకు కొట్టుకుంది. ఆయన మరణించారు. వయసు 33. ఎన్నో ఏళ్ళు చిన్నా చితకా పందేలలో పోరాడి, ఆ సంవత్సరమే ఫార్ములా వన్‌లో అడుగు పెట్టారు. అది ఆయనకు మూడవ పోటీ మాత్రమే. ఫార్ములా వన్ పందేల వారాంతంలో ఒక డ్రైవరు చనిపోవడం 1982 తరువాత అదే మొదటిసారి. అందువల్ల అక్కడున్న చాలామంది డ్రైవర్లకు తోటివాని మరణాన్ని దగ్గరగా చూడటం కొత్త.

సెన్నా స్వయంగా ప్రమాదస్థలానికి వెళ్ళారు. పందేల వైద్యాధికారి సిడ్ వాట్కిన్స్ ఆయనకు మంచి స్నేహితుడు. కన్నీళ్ళు పెట్టుకున్న సెన్నాను చూసి, ఇక ఈ పందేలు మానెయ్యి, ఇద్దరం చేపలు పట్టుకుందాం పద అన్నారాయన. మానడం తన చేతిలో లేదని సెన్నా బదులు చెప్పారు. ఈ సంభాషణను వాట్కిన్స్ తరువాత తన జ్ఞాపకాలలో రాశారు.

మే 1, ఆదివారం. ఉదయం సెన్నా తోటి డ్రైవర్లతో మాట్లాడారు. భద్రత కోసం డ్రైవర్ల సంఘాన్ని మళ్ళీ నిలబెట్టాలన్నారు. మధ్యాహ్నం పందెం ఏడవ చుట్టులో టాంబురెల్లో అనే మలుపు దగ్గర ఆయన కారు దారి తప్పి గోడకు కొట్టుకుంది. హెలికాప్టరులో బొలోన్యా నగరపు ఆస్పత్రికి తరలించారు. ఆ సాయంత్రం మరణించినట్టు ప్రకటించారు.

పందెం ఆగలేదు. మళ్ళీ మొదలుపెట్టి పూర్తి చేశారు. జర్మనీకి చెందిన మైకేల్ షూమాకర్ గెలిచారు. వేదికపై షాంపేన్ చిమ్మలేదు. సెన్నా కారులో ఆస్ట్రియా జెండా ఒకటి దొరికింది. గెలిస్తే రాట్జెన్‌బర్గర్ జ్ఞాపకార్థం ఎగురవేయాలని ఆయన దాన్ని వెంట తెచ్చుకున్నారు.

రెండు సమాధులు

బ్రెజిల్ ప్రభుత్వం మూడు రోజులు సంతాపదినాలు ప్రకటించింది. మే 5న సావో పాలోలో సెన్నా అంతిమయాత్రకు వీధులన్నీ జనంతో నిండిపోయాయి. శవపేటికను మోసినవారిలో అలెన్ ప్రోస్ట్ కూడా ఉన్నారు. ఒకప్పుడు వారిద్దరిదీ మాటామంతీ లేనంత వైరం. సెన్నా విశ్వాసాన్ని దాచుకున్న మనిషి కాదు. దైవప్రేమ నుండి తనను వేరుచేయగలది ఏదీ లేదని ఆయన సమాధిఫలకం మీద చెక్కారు. అది రోమీయులకు రాసిన లేఖ 8వ అధ్యాయంలోని భావం.

మే 7న ఆస్ట్రియాలోని సాల్స్‌బర్గ్‌లో రాట్జెన్‌బర్గర్‌ను సమాధి చేశారు. అక్కడికి వచ్చినవారు కొద్దిమందే. అంతర్జాతీయ మోటారు సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ మోస్లీ మాత్రం అక్కడికే వెళ్ళారు. అందరూ సెన్నా దగ్గరికి వెళ్ళారు కనుక ఎవరో ఒకరు ఇక్కడికి రావాలనుకున్నానని ఆయన తరువాత చెప్పారు. ఒకే వారాంతం, ఒకే దారి, రెండు మరణాలు. లోకం ఒకరిని తలుచుకుని రెండవవారిని మరచిపోయింది. రెండవవారిని మరవకుండా జెండా పట్టుకుని బయలుదేరినవాడు ఆ మొదటివాడే. ఈ సంగతి మనం గుర్తుంచుకోవలసినది.

మళ్ళీ కారెక్కినవారు

రాట్జెన్‌బర్గర్ జట్టు పేరు సిమ్‌టెక్. చిన్న జట్టు. డేవిడ్ బ్రభమ్ ఆయనకు సహచరుడు. స్నేహితుడు చనిపోయిన మర్నాడే బ్రభమ్ పందెంలో పాల్గొన్నారు. తన జట్టువారు కుంగిపోకూడదన్నదే ఆయన ఆలోచన. ఇది సరైనదా కాదా అని దూరాన కూర్చున్న మనం తీర్పు చెప్పడం తేలిక. అక్కడ నిలబడి నిర్ణయం తీసుకోవడం వేరు.

తరువాతి పందెం మే 15న మొనాకోలో. మొదటి వరుసలోని రెండు స్థానాలనూ ఖాళీగా వదిలి, అక్కడ బ్రెజిల్, ఆస్ట్రియా జెండాల రంగులు వేశారు. సెన్నా జట్టు విలియమ్స్, సిమ్‌టెక్ జట్టు చెరి ఒక్క కారే దింపాయి. అప్పటికి మూడు రోజుల ముందు, సాధనలో, ఆస్ట్రియాకే చెందిన కార్ల్ వెండ్‌లింగర్ గోడకు కొట్టుకుని కొన్ని వారాలు స్పృహ లేకుండా ఉన్నారు. తరువాత కోలుకున్నారు.

విలియమ్స్ జట్టు బరువు డేమన్ హిల్ భుజాల మీద పడింది. మే 29న స్పెయిన్‌లో ఆయన గెలిచారు. 1968 ఏప్రిల్‌లో జిమ్ క్లార్క్ మరణించినప్పుడు, కుంగిపోయిన లోటస్ జట్టుకు తరువాతి పందెంలో గెలుపు తెచ్చినవారు డేమన్ తండ్రి గ్రాహమ్ హిల్. ఆ గెలుపు కూడా స్పెయిన్‌లోనే. తండ్రి మోసిన బరువును 26 ఏళ్ళ తరువాత కొడుకు మోశారు.

షూమాకర్ అప్పుడు బయటికి ఎక్కువగా ఏడవలేదు. కాని 2000 సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో గెలిచి, సెన్నా సాధించిన 41 విజయాల లెక్కను అందుకున్నారు. విలేకరులు ఆ మాట ఎత్తగానే తల వంచుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. ఆరేళ్ళు గడిచినా లోపలి గాయం మానలేదు.

ఆ గోడ సంగతి

ఇక్కడ మన పాఠంలోని ముఖ్యమైన విషయానికి వద్దాం. టాంబురెల్లో మలుపు దగ్గరి గోడ ప్రమాదకరమని ఎవరికీ తెలియనిది కాదు. 1987లో నెల్సన్ పికే అక్కడే గోడకు కొట్టుకున్నారు. బతికారు. 1989లో గెర్హార్డ్ బెర్గర్ కారు అక్కడే గోడకు కొట్టుకుని భగ్గున మండింది. సిబ్బంది క్షణాల్లో మంటలు ఆర్పారు. చేతులు కాలాయి గాని బతికారు. తరువాత సాధనలలో మరికొందరు అక్కడే కొట్టుకున్నారు. వారూ బతికారు.

అందరూ బతికారు కనుక గోడ అలాగే ఉండిపోయింది.

బెర్గర్, సెన్నా ప్రాణస్నేహితులు. ఇద్దరూ ఒకసారి ఆ గోడ దగ్గరికి నడిచి వెళ్ళి వెనక్కి తొంగి చూశారట. వెనుక శాంటెర్నో నది ఉంది. గోడను జరపడానికి చోటు లేదు. చేయగలిగింది ఏమీ లేదనుకుని తిరిగి వచ్చారు. ఈ మాట బెర్గరే తరువాత చెప్పారు.

నది అక్కడ ఉన్నది నిజమే. గోడను జరపలేరన్నదీ నిజమే. కాని 1995లో పందెం మళ్ళీ ఇమోలాకు వచ్చేసరికి ఆ మలుపే మారిపోయింది. గోడ జరగలేదు, నది జరగలేదు. దారిని మెలికలు తిప్పి, కార్లు అక్కడ వేగం తగ్గించి తీరేలా చేశారు. రాట్జెన్‌బర్గర్ మరణించిన మలుపునూ అలాగే మార్చారు. ఈ మార్గం 1994కు ముందు కూడా ఉంది. వెతికినవారు లేరు. చేయగలిగింది ఏమీ లేదన్న మాట దగ్గరే అందరూ ఆగిపోయారు.

కన్నీళ్ళు పనిగా మారాయి

1994 మే 13న మొనాకోలో డ్రైవర్లు సమావేశమయ్యారు. 1961లో పుట్టి 1982లో ఆగిపోయిన తమ సంఘాన్ని మళ్ళీ నిలబెట్టారు. మరణించిన రోజు ఉదయం సెన్నా కోరినది అదే. మాజీ ఛాంపియన్ నికీ లౌడా, షూమాకర్, బెర్గర్, క్రిస్టియన్ ఫిట్టిపాల్డీ ప్రతినిధులయ్యారు. రెండు వారాల తరువాత స్పెయిన్‌లో వేగం మరీ ఎక్కువగా ఉన్నచోట టైర్లు పేర్చి దారిని మెలిక తిప్పాలని డ్రైవర్లు పట్టుబట్టారు. సాధించారు.

తరువాత మార్పులు వరుసగా వచ్చాయి. కార్లు ఆగే పిట్ లేన్‌లో వేగానికి హద్దు పెట్టారు. 1995లో ఇంజను పరిమాణాన్ని 3.5 లీటర్ల నుండి 3 లీటర్లకు తగ్గించారు. 1996 నుండి డ్రైవరు తలకు రెండు పక్కలా ఎత్తైన రక్షణ వచ్చింది. 2003 నుండి తలనూ మెడనూ పట్టి ఉంచే పరికరం తప్పనిసరి అయింది. బ్రెజిల్‌లో సెన్నా సోదరి వివియానె 1994లోనే తమ్ముని పేర ఒక సంస్థను స్థాపించి పేద పిల్లల చదువుకు పాటుపడ్డారు.

ఆ శుక్రవారం చావు అంచు దాకా వెళ్ళివచ్చిన బారికెల్లో 2011 వరకు ఫార్ములా వన్‌లో కొనసాగారు. చివరి రోజుల్లో ఆ డ్రైవర్ల సంఘానికే అధ్యక్షులయ్యారు.

అయినా కథ ముగియలేదు. షూమాకర్ కన్నీళ్ళు పెట్టుకున్న 2000 నాటి మోంజా పందెంలోనే, ఊడివచ్చిన చక్రం తగిలి దారి పక్కన సేవచేస్తున్న ఒక మార్షల్ మరణించారు. 2001లో మెల్‌బోర్న్‌లోనూ అలాగే మరొక మార్షల్ మరణించారు. డ్రైవరు కానివాని మరణాన్ని లోకం ఇంకా త్వరగా మరచిపోతుంది. 2014 అక్టోబరు 5న జపాన్‌లో వర్షంలో జూల్ బియాంకీ కారు, పక్కనున్న మరో కారును తొలగిస్తున్న క్రేను వాహనానికి కొట్టుకుంది. తొమ్మిది నెలలు స్పృహ లేకుండా ఉండి 2015 జులైలో ఆయన మరణించారు. మరుసటి నెలలో అమెరికాలో ఇండీకార్ పందెంలో ఎగిరివచ్చిన ముక్క తలకు తగిలి జస్టిన్ విల్సన్ మరణించారు. తలకు రక్షణ కావాలన్న పట్టుదల పెరిగింది. 2018లో ఫార్ములా వన్ కార్లన్నిటికీ డ్రైవరు తల చుట్టూ టైటానియం కమ్మీ వచ్చింది. దాని పేరు హేలో. హైదరాబాదులో మనవారు చూసినది ఇదే.

దీన్ని మొదట వ్యతిరేకించిన డ్రైవర్లలో రొమేన్ గ్రోజాన్ ఒకరు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో ఆయన కారు ఇనుప కంచెను చీల్చుకుని రెండు ముక్కలై మండిపోయింది. అర నిమిషం లోపు ఆయన మంటల్లోంచి నడిచి బయటికి వచ్చారు. హేలో లేకుంటే ఈ రోజు మీతో మాట్లాడేవాణ్ణి కానని ఆయనే ఒప్పుకున్నారు.

మనం నేర్చుకునేది

ప్రియ పాఠకులారా, మనలో ఎవరమూ ఆ కార్లు నడపము. కాని అటువంటి గోడ ప్రతి ఊళ్ళోనూ ఒకటి ఉంటుంది. పిట్టగోడ లేని బావి, లైటు లేని మలుపు, తెగి వేలాడే కరెంటు తీగ, బడి పక్కన మూత లేని కాలువ. నిన్న ఒక పిల్లవాడు జారిపడి బతికి బయటపడితే, గండం గడిచింది అనుకుని ఊపిరి పీల్చుకుంటాము. ఆ గండం ఒక హెచ్చరిక అని గ్రహించము. ఎవరో ఒకరు పోయిన తరువాత కొవ్వొత్తులు వెలిగిస్తాము. కన్నీరు తప్పు కాదు. కన్నీరు ఆరిన తరువాత నలుగురం కలిసి ఆ గోడ దగ్గరికి మళ్ళీ వెళ్ళామా లేదా అన్నదే ప్రశ్న. ఇమోలా డ్రైవర్లు వెళ్ళారు. ఆలస్యంగా వెళ్ళారు, అయినా వెళ్ళారు. వారి తరువాత కారెక్కిన కుర్రవాళ్ళు ఎందరో అందువల్లనే ఇంటికి తిరిగి వెళ్ళారు.

ఇంట్లోనూ, యువజన సంఘాలలోనూ చర్చించుకోవడానికి:

1. మన ఊళ్ళో ప్రమాదమని అందరికీ తెలిసి, ఎవరూ పట్టించుకోని చోటు ఏది? దాని విషయం ఎవరితో మాట్లాడాలి?

2. చేయగలిగింది ఏమీ లేదని మనం వదిలేసిన పనికి మరో మార్గం వెతికామా?

3. పేరున్నవారు పోతే తలుచుకుంటాము. పేరు లేనివారి ఇంటికి వెళ్ళి పలకరించినది ఎప్పుడు?