ఇంటి సామాను - కస్టమ్స్ లెక్క

వేదాద్రి, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల నుండి అమెరికా వెళ్ళే కుటుంబాలు, అక్కడి నుండి ఇల్లు ఎత్తివేసి తిరిగి వచ్చే కుటుంబాలు రెండూ ఉన్నవి. సామాను కంటైనరులో పోయేటప్పుడు వర్తకుల నోట తరచు వినిపించే ప్రశ్న ఒకటే: చోటు మిగిలినది గదా, పది బస్తాల మిర్చి కూడా వేస్తే ఏమి?

వేయరాదు. మిర్చి అమ్మకానికి పోయినట్లయితే అది సామాను కాదు, సరుకు. సరుకు ఎగుమతికి ఎగుమతి-దిగుమతి కోడు నంబరు, షిప్పింగ్ బిల్లు కావలెను. మిర్చి సుగంధ ద్రవ్యం కనుక స్పైసెస్ బోర్డు వద్ద ఎగుమతిదారుగా రిజిస్ట్రేషను కూడా ఉండవలెను. పది బస్తాల లాభం కోసం ఇల్లంత సామాను రేవులో ఆగిపోవచ్చును.

1962 కస్టమ్స్ చట్టం 77వ సెక్షను ప్రకారం బ్యాగేజిలో ఏమేమి ఉన్నవో యజమానే ప్రకటించవలెను. నిజమైన బ్యాగేజికి సుంకం మినహాయింపు 79వ సెక్షను క్రింద వస్తుంది. ప్రకటనలో లేని వస్తువు బయటపడితే 111వ సెక్షను క్రింద జప్తు, 112వ సెక్షను క్రింద పెనాల్టీ. జప్తు అయిన దానిని విడిపించుకొనవలెనంటే 125వ సెక్షను క్రింద జరిమానా కట్టవలెను. బస్తా మీది చీటీ, లోపలి సరుకు ఒకటి కావలెనన్నది మన యార్డులలో కొత్త మాట కాదు. మోటారు వాహనం మాత్రం ఎంత వాడినదైనా బ్యాగేజి క్రిందికి రాదు. చట్టంలోని నిర్వచనమే దానిని తీసివేసినది.

తిరిగి వచ్చేవారి రాయితీ బస కాలాన్ని బట్టి ఉంటుంది. 2016 బ్యాగేజి నిబంధనలలో 3 నుండి 6 నెలల బసకు 60 వేల రూపాయలు, ఏడాది లోపు బసకు లక్ష, గడచిన 2 ఏళ్ళలో ఏడాది ఉన్నవారికి 2 లక్షలు, 2 ఏళ్ళు, ఆపైన ఉన్నవారికి 5 లక్షల విలువ వరకు సుంకం లేదు. ఆ 5 లక్షల మెట్టుకు షరతులు కూడా ఉండేవి. ఆ 2 ఏళ్ళలో స్వదేశానికి వచ్చిపోయిన రోజులు మొత్తం 6 నెలలు మించరాదు. అంతకు ముందు 3 ఏళ్ళలో ఈ రాయితీ వాడుకొని ఉండరాదు. పెళ్ళికని, పండుగకని వచ్చిన రోజులు కలిపి చూచుకొననివారు ఇక్కడే దెబ్బతిన్నారు. టీవీ, 300 లీటర్లు మించిన ఫ్రిజ్ ఈ లెక్కలో చేరేవి కావు. పరిమితి మించిన బ్యాగేజి విలువకు, 2018 తరువాత సర్‌ఛార్జితో కలిపి, లక్షకు 38,500 రూపాయల సుంకం పడేది.

2026 ఫిబ్రవరిలో పాతవాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చి అంకెలు మారినవి. బజారులో ఇంకా తిరుగుతున్న 5 లక్షల మాటను పట్టుకొని ఎవరికీ ధర చెప్పరాదు. బుక్ చేసే రోజున క్లియరింగ్ ఏజెంటు వద్ద ఆనాటి పట్టిక చూచుకొనవలెను.

సామాను చెన్నై రేవులో దిగినా, హైదరాబాదు సనత్‌నగర్ కంటైనరు డిపోకు చేరినా పాసుపోర్టు లేనిదే కాగితం కదలదు. 2016 నిబంధనలలో యజమాని రాకకు 2 నెలల ముందు వరకు సామాను దిగవచ్చును. వచ్చిన తరువాత నెల లోపల అక్కడ ఓడకెక్కవలెను. కాగితాలు తేలే లోపల ఉచిత గడువు దాటితే కంటైనరు అద్దె రోజువారీగా పెరుగుతుంది. పాత సోఫా ఖరీదు ఆ అద్దెకే చాలకపోవచ్చును. ప్రతి పెట్టెకు నంబరు, ఆ నంబరుకు లోపలి వస్తువుల జాబితా, కొనుగోలు బిల్లులు, పాసుపోర్టులోని రాకపోకల ముద్రలు ఒక ఫైలుగా కట్టినవారికి పని త్వరగా తెములుతుంది. సీలు విప్పని ఒకే రకం పెట్టెలు రెండు మూడు కనిపిస్తే అధికారి ప్రశ్న వేయక మానడు.

అమెరికా వెళ్ళేవారికి అక్కడి లెక్క వేరు. విదేశంలో కనీసం ఏడాది వాడిన ఇంటి సామానుకు, అమ్మకానికి గాని, ఇతరుల కోసం గాని కాకుంటే, సుంకం లేదు. సామాను వెంట రాకపోతే 3299 నంబరు ఫారం నింపవలెను. మాంసం పచ్చళ్ళు పెట్టెలో కట్టవద్దు.

ఇక నగలు. ఇక్కడి నుండి పెట్టుకొని వెళ్ళిన నగలు తిరిగి తెచ్చేటప్పుడు కొత్తవని సుంకం పడకుండా, బయలుదేరే రోజునే విమానాశ్రయంలో కస్టమ్స్ వారి సర్టిఫికెట్ తీసుకొనవలెను. అందుకు తూకం, విలువ చూపే కాగితం వెంట ఉండవలెను. విమానం వేళకు గంట ముందు పోతే ఈ పని కాదు.