యాసంగి పొద్దుతిరుగుడుకు గట్ల నుంచే కాపలా

నర్సింహులపేట మండలంలో ఆకేరు వాగుకు దూరంగా, వరికి నీళ్లు చాలని చెలకల్లో ఈ యాసంగికి పొద్దుతిరుగుడు వేద్దామనుకునే రైతులు దాని పుట్టిల్లు గురించి కొంచెం తెలుసుకోవాలి. అది ఉత్తర అమెరికా. మన దేశంలో సాగు కోసం 1969లో రష్యా రకాలు తెచ్చారు. పుట్టిన చోట దీని అడవి చుట్టాలు యాభై జాతుల దాకా ఉన్నాయి. వాటిలో ఎక్కువ ఏళ్ల తరబడి బతికేవే.

మాక్సిమిలియన్ పొద్దుతిరుగుడు అలాంటిదే. దక్షిణ కెనడా నుంచి టెక్సాస్ దాకా ఎండ బాగా తగిలే గడ్డి మైదానాల్లో, రోడ్ల పక్కన పెరుగుతుంది. ఒక్కో కాడకు చిన్న చిన్న పూలు బోలెడు. చలికి పైమొక్క ఎండిపోయినా, నేలలో పసుపు కొమ్ములాంటి దుంప బతికే ఉండి, వెచ్చబడగానే మళ్లీ మొలకెత్తుతుంది. చుట్టూ రకరకాల గడ్డి, మొక్కలు ఉంటాయి కాబట్టి ఒక తెగులు వచ్చినా ఒక్కసారిగా పాకడం కష్టం. మన చేలో ఎకరాలకు ఎకరాలు ఒకే హైబ్రిడ్, ఒకే వయసు. తెగులుకు అడ్డేముంటుంది?

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ ఈ అడవి జాతులను పెంచి, తెగుళ్లను తట్టుకునే వాటి గుణాన్ని సాగు రకాల్లోకి తెచ్చే పనిలో ఉంది. బహువార్షిక జాతులతో సంకరం చేస్తే గింజలో పిండం మధ్యలోనే చనిపోతుంటుంది, దాన్ని ప్రయోగశాలలో బతికించాలి. ఆ గుణం విత్తన సంచిలోకి చేరడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా పంటను మనమే కాచుకోవాలి.

అన్నిటికంటే ముందు వయ్యారిభామ. 1997లో కర్ణాటకలోని బాగేపల్లిలో బయటపడ్డ నెక్రోసిస్ వైరస్ ఈ కలుపులో దాక్కుంటుంది. దాని పుప్పొడిని తామర పురుగులు మోసుకొచ్చి పంటకు అంటిస్తాయి. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు. కాబట్టి గట్ల మీద, బాటల వెంట వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయండి. మీరొక్కరే పీకితే చాలదు, పక్క చేను రైతునూ కలుపుకోండి. తామర పురుగులకు అడ్డుగా చేను చుట్టూ మూడు నాలుగు వరుసలు జొన్న వేయండి. కిలో విత్తనానికి 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి విత్తండి. నిరుడు పొద్దుతిరుగుడు వేసిన చేలో మళ్లీ అదే వద్దు. హైబ్రిడ్ పంట గింజలను విత్తనానికి దాచుకోవద్దు.

ఆకర్షక పత్రాలు విచ్చుకునేటప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే గింజ బాగా కడుతుంది. పూత మీద పురుగుమందు కొడితే తేనెటీగలు చచ్చి తాలు గింజలు పెరుగుతాయి. మొవ్వు వంకర తిరిగినా, ఆకులపై మచ్చలు కనబడినా ఆ మొక్కను పట్టుకుని మల్యాల కృషి విజ్ఞాన కేంద్రానికో, మీ వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరికో వెళ్లండి. మందుల దుకాణానికి ఆ తర్వాతే.