జైలు గేటు దాటిన మొదటి రెండు వారాలు



పోయిన నెల మన స్టడీ సర్కిల్‌లో ఒక తల్లి అడిగిన ప్రశ్నతో ఈ పాఠం మొదలుపెడతాను. ఆమె చెల్లెలి కొడుకు మత్తు మాత్రలకు అలవాటు పడ్డాడు. ఒక కేసులో ఇరుక్కుని ఏడు నెలలు జైల్లో ఉన్నాడు. ఈ మధ్యే బెయిలొచ్చింది. "లోపల ఏడు నెలలు ముట్టుకోలేదంట అన్నా. ఇంక అలవాటు పోయినట్టే కదా?" అని అడిగిందామె. కూర్చున్నవాళ్లలో చాలామంది తలూపారు. పదేళ్ల కిందటైతే నేనూ ఊపేవాణ్ణే.

కానీ జవాబు అది కాదు. అసలు ప్రమాదం ఇప్పుడే మొదలైంది. ఎందుకో తెలియాలంటే కొంచెం శరీరం సంగతి, కొంచెం లెక్కల సంగతి చూడాలి. రెండూ కష్టమేం కాదు.

ముందు శరీరం. నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్, మనవాళ్లు బ్రౌన్ షుగర్ అనేది, నొప్పికి వాడే ట్రమడాల్, అమెరికాను కుదిపేస్తున్న ఫెంటనిల్, ఇవన్నీ ఒకే కుటుంబం. వీటిని ఓపియాయిడ్లు అంటారు. ఇవి నొప్పిని తగ్గిస్తాయి, హాయినిస్తాయి. దాంతోపాటు మెదడు అడుగు భాగంలో ఊపిరిని నడిపించే చోటును మందగింపజేస్తాయి. మోతాదు మించితే మనిషి చనిపోయేది అందుకే. నిద్రలోకి జారినట్టే ఉంటుంది, ఊపిరి నెమ్మదించి ఆగిపోతుంది.

రోజూ వాడేవాడి శరీరం మెల్లగా దీన్ని తట్టుకోవడం నేర్చుకుంటుంది. మొదట ఒక మాత్రకు వచ్చే మత్తు తర్వాత నాలుగింటికి గాని రాదు. మనల్ని పడేసే మోతాదు వాడికి మామూలు. అయితే ఈ తట్టుకునే శక్తి దాచుకున్న డబ్బు లాంటిది కాదు. వాడకం ఆగిన కొన్ని రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. కొన్ని వారాలకు చాలావరకు పోతుంది. కోరిక మాత్రం అంత తొందరగా పోదు. పాత వీధి, పాత స్నేహితుడు, చేతిలో పని లేని మధ్యాహ్నం, వీటిలో ఏదో ఒకటి దాన్ని నిద్ర లేపుతుంది. బయటికొచ్చినవాడు ఒక్కసారి కదా అని పాత లెక్కే వేసుకుంటాడు. ఆ లెక్కను మోసే శరీరం ఇప్పుడు లేదు.

ఇది ఊహ కాదు, లెక్కగట్టి చూసిన సంగతి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1999 జూలై నుంచి 2003 డిసెంబర్ దాకా జైళ్ల నుంచి విడుదలైన 30,237 మంది వివరాలను మరణాల రికార్డులతో పోల్చి చూశారు. ఇన్‌గ్రిడ్ బిన్స్‌వాంగర్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు చేసిన పని ఇది. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. సగటున రెండేళ్ల లోపే వాళ్లలో 443 మంది చనిపోయారు. వయసు, ఆడా మగా, జాతి తేడాలు సరిచేసి చూస్తే అదే రాష్ట్రంలోని మిగతా జనం కన్నా మూడున్నర రెట్లు ఎక్కువ. మొదటి రెండు వారాలనే విడిగా తీస్తే 12.7 రెట్లు. ఆ రెండు వారాల్లో మత్తుమందు మోతాదు మించి చనిపోయే ప్రమాదం 129 రెట్లు.

129 అనే అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఇలాంటి అంకెలు చూపించి భయపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, మనం అలా చేయకూడదు. విడుదలైనవాళ్లలో ఎక్కువమంది చనిపోతారని దీని అర్థం కాదు. పోల్చింది మామూలు జనంతో, వాళ్లలో అత్యధికులు ఈ మందుల జోలికే పోనివాళ్లు. కాబట్టి రెట్లు అంత పెద్దగా కనిపిస్తాయి. అయినా, ఒకే మనుషుల్లో మొదటి రెండు వారాలకూ తర్వాతి నెలలకూ మధ్య అంత తేడా ఎందుకుంది? మనుషులు మారలేదు కదా. గేటు దాటిన సమయమే ప్రమాదమన్నది అక్కడ తేలింది. తర్వాత నార్త్ కరోలినాలో 2000 నుంచి 2015 వరకు విడుదలైనవాళ్లను చూసినప్పుడు మొదటి రెండు వారాల్లో ఓపియాయిడ్ మరణాల ప్రమాదం 40 రెట్లు అని వచ్చింది. అంకె మారింది గాని ఆకారం అదే.

ఇంకో మాట కూడా. వాషింగ్టన్ లెక్కలో మత్తుమందు తర్వాత ఎక్కువమందిని తీసుకెళ్లినవి గుండె జబ్బులు, హత్యలు, ఆత్మహత్యలు. లోపల రోజూ బీపీ మాత్ర ఇచ్చేవాళ్లు. బయట ఆ చీటీ ఎవరి దగ్గరా ఉండదు. ఉండటానికి ఇల్లు లేదు, పని ఇచ్చేవాడు లేడు, పలకరించేవాడు లేడు.

సరే, ఏం చేస్తే ఆపొచ్చు? ఇక్కడే నాకు ఆశ కనిపించింది. రోడ్ ఐలాండ్ అని అమెరికాలో ఒక బుల్లి రాష్ట్రం ఉంది. 2016లో అక్కడి జైళ్లన్నింటిలో ఓపియాయిడ్ అలవాటుకు వాడే మూడు మందులూ, అంటే మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్, అవసరమైనవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టారు. బయటికెళ్లాక అదే మందు దొరికే క్లినిక్‌తో ముందే ముడివేశారు. 2016 మొదటి ఆరు నెలల్లో రాష్ట్రంలో మోతాదు మించి చనిపోయిన 179 మందిలో 26 మంది ఈ మధ్యే జైలు నుంచి వచ్చినవాళ్లు. 2017 మొదటి ఆరు నెలల్లో 157 మందిలో 9 మంది. అంకెలు చిన్నవే, ఒక ఏడాది ముందూ వెనకా పోల్చిందే. దాని మీదే అంతా తేల్చేయలేం. కానీ ఇంగ్లండ్‌లో మార్స్‌డెన్ బృందం 2017లో అచ్చేసిన పరిశోధనా అదే వైపు చూపించింది. ఈ చికిత్సలో ఉండగా విడుదలైనవాళ్లలో మొదటి నెల మరణాలు, చికిత్స లేకుండా వచ్చినవాళ్ల కన్నా 75 శాతం తక్కువ.

"మత్తుకు మత్తే ఇస్తారా?" అని మనవాళ్లే అడుగుతారు. పంచశీలలో ఐదోదాన్ని రోజూ పలికేవాళ్లకు ఈ సందేహం రావడం సహజమే. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ కూడా ఓపియాయిడ్లే, దాచాల్సిందేం లేదు. కాకపోతే ఇవి నెమ్మదిగా పనిచేసి చాలాసేపు నిలుస్తాయి. సరైన మోతాదులో ఎగిసిపడే మత్తు ఇవ్వవు. కోరికను, విడుపు బాధను అణచిపెడతాయి. మనిషి పొద్దున లేచి పనికి పోగలుగుతాడు. అన్నిటికన్నా ముఖ్యం, శరీరంలో ఆ తట్టుకునే శక్తి కొంత మిగులుతుంది. షుగరున్నవాడు ఇన్సులిన్ వేసుకుంటే మనం తప్పు పట్టం. శీలం ఎవరికి వాళ్లు తీసుకునేది, పక్కవాడి మందుచీటీ మీద తీర్పు చెప్పడానికి కాదు. ఇది నా అభిప్రాయం. కాదనేవాళ్లు వచ్చే సమావేశంలో వాదించండి.

స్కాట్లాండ్ ఇంకో దారి పట్టింది. నలోక్సోన్ అనే మందు ఉంది. ఓపియాయిడ్‌ను మెదడులోని దాని చోటు నుంచి తోసేసి, ఆగిపోతున్న ఊపిరిని నిమిషాల్లో తిరిగి తెస్తుంది. 2011 నుంచి అక్కడ జాతీయ పథకం కింద జైలు నుంచి వెళ్లేవాళ్లకు ఈ మందు కిట్టు చేతికిచ్చి పంపుతున్నారు. అంతకుముందు ఓపియాయిడ్ మరణాల్లో 9.8 శాతం విడుదలైన నాలుగు వారాల లోపు జరిగేవి. 2011–13లో అది 6.3 శాతానికి దిగింది.

మందులతో పాటు మనుషులూ కావాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2006లో ట్రాన్సిషన్స్ క్లినిక్ పెట్టారు. అక్కడ రోగిని చెయ్యి పట్టుకుని డాక్టర్ దగ్గరికి, ఆఫీసు దగ్గరికి తిప్పేది ఒకప్పుడు తామూ జైలుకెళ్లొచ్చిన ఆరోగ్య కార్యకర్తలు. నన్ను అడిగితే ఈ పాఠంలో మనం నేర్చుకోవాల్సింది అదే. జైలుకెళ్లొచ్చినవాణ్ణి మనం సభలో వెనక వరుసలో కూర్చోబెడతాం. వాళ్లు అతనికి ఉద్యోగమిచ్చారు.

మన దగ్గరికొద్దాం. కేంద్ర ప్రభుత్వం తరఫున ఎయిమ్స్ చేసి 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో ఓపియాయిడ్లు వాడేవాళ్లు దాదాపు 2.26 కోట్లు. వాళ్లలో సాయం అవసరమైనవాళ్లు సుమారు 77 లక్షలు. జైళ్ల సంగతి చూస్తే, 2022 చివరికి ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది ఇంకా విచారణలో ఉన్నవాళ్లే. లోపలున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి పిల్లలో మీకు చెప్పక్కర్లేదు. విచారణ ఖైదీ ఎప్పుడు బయటికొస్తాడో ఎవరికీ తెలియదు. బెయిలు సాయంత్రం వస్తుంది, రాత్రికి బస్సెక్కేస్తాడు. అతని చేతికి మందు గాని, క్లినిక్ చిరునామా గాని ఇచ్చేదెప్పుడు? అందుకే విడుదల రోజు కాదు, లోపలికి వెళ్లిన మొదటి రోజే చికిత్స మొదలవ్వాలి. తీహార్ జైల్లో 2008లోనే బ్యుప్రెనార్ఫిన్ చికిత్స మొదలైంది, కాబట్టి మన దేశంలో కుదరదు అనడానికి లేదు. అడిగేవాళ్లు తక్కువ, అంతే.

చట్టం సంగతి ఒకటి గుర్తుపెట్టుకోండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకానికో, చిన్న పరిమాణానికో కేసు పడినవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ఒప్పుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. మీ వకీలును ఈ సెక్షన్ పేరు పెట్టి అడగండి.

ఇక ఆ తల్లికి మేం చెప్పింది. పిల్లాడితో కోప్పడకుండా, దాచకుండా ఈ సంగతంతా చెప్పమన్నాం. "నీ ఒంటికి పాత లెక్క పనికిరాదు నాయనా" అని ఆ మాటే చెప్పమన్నాం. మొదటి వారాలు ఒంటరిగా తలుపేసుకుని ఉండనివ్వొద్దన్నాం. మద్యం, నిద్రమాత్రలు, అల్ప్రజోలం కలిపిన కల్లు, ఇవి తోడైతే ఊపిరి ఇంకా తొందరగా ఆగుతుంది. ఎంత పిలిచినా లేవకపోవడం, గురక లాంటి గరగర, పెదాలు నీలం తిరగడం, కంటిపాప గుండుసూది మొనంత అవడం, ఇవి కనపడితే నిద్రపోతున్నాడులే అని వదలకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఆడకపోతే నోటితో ఊపిరి ఇవ్వాలి. నలోక్సోన్ ఇచ్చి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఎందుకంటే ఆ మందు ప్రభావం ముందే దిగిపోయి మళ్లీ ఊపిరి ఆగొచ్చు.

ఆమె ఒక కాగితం మీద 108, దాని కింద మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 రాయించుకుని వెళ్లింది. మర్నాడు పిల్లాడే ఫోన్ చేశాడు. "అన్నా, ఆ మందు ఎక్కడిస్తారు?" అన్నాడు. సోమవారం మాలో ఇద్దరం వాణ్ణి వెంటబెట్టుకుని పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లాం. రెండు గంటలు లైన్లో నిలబడ్డాం. చీటీ రాశారు. ఈ వారం మళ్లీ వెళ్లాలి, ఈసారి వాళ్లమ్మ కూడా వస్తానంటోంది.