బీజపదముల భద్రత

మన సంఘసభ్యుల బిడ్డలు పలువురు నేఁడు పట్టణములందును విదేశములందును ఉద్యోగములు చేయుచున్నారు. వారిలో కొందఱు తమ పొదుపులో కొంత బిట్‌కాయిన్ మొదలగు క్రిప్టో నాణెముల రూపమున నుంచి, వానికి సంబంధించిన చిన్నయంత్ర మొకటి సెలవులకు వచ్చినప్పుడు ఇంటిబీరువాలోఁ బెట్టి పోవుచుందురు. అట్టి నాణెములు కొనఁదగునా తగదా యను చర్చ యిచ్చట చేయఁబోము. ఇంట నున్నదానిని కాపాడుకొను విధమే ప్రస్తుతము.

నాణెములు ఆ యంత్రములో నుండవు. బిట్‌కాయిన్ లెక్క యంతయు 2009 జనవరి మొదలుకొని ప్రపంచమందలి వేలకొలఁది కంప్యూటర్లు ఉమ్మడిగా వ్రాయుచున్న ఖాతాపుస్తకమునందుండును. ఒక పద్దునుండి వేఱొక పద్దునకు సొమ్ము మార్చుటకు రహస్యసంఖ్య యొకటి వలయును. అది ముద్దుటుంగరము వంటిది. ఎవరిచేత నున్న వారే యజమాని. హార్డ్‌వేర్ వాలెట్ అను నీ యంత్రము ఆ సంఖ్యను కంప్యూటరునకుఁ జూపకయే, వ్రాఁతను లోనికిఁ దీసికొని ముద్రవేసి యిచ్చును. కంప్యూటరులో దొంగప్రోగ్రాము చొరఁబడియున్నను ఉంగరము దానికిఁ జిక్కదు. చెక్ దేశమందలి ప్రేగ్ నగరమువారి ట్రెజర్ యంత్రము 2014లో వెలువడెను; ఫ్రాన్సువారి లెడ్జర్ కూడఁ బేరొందినదే.

సొమ్మును కొన్నయంగడిలోనే వదలినచో ఉంగరము అంగడివానియొద్ద నుండును. టోక్యోలోని మౌంట్ గాక్స్ 2014 ఫిబ్రవరిలో దివాలా తీసినప్పుడు సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు కానరాకపోయెను. వానిలో 2,00,000 మాత్రము పిదప దొరకినవి. మనదేశమందలి వజీర్‌ఎక్స్ నుండి 2024 జూలైలో సుమారు 23 కోట్ల డాలర్ల సొత్తు దొంగిలింపఁబడెను.

యంత్రమును మొదట సిద్ధపఱచునప్పుడు సాధారణముగా 12 గాని 24 గాని ఆంగ్లపదములు వరుసగాఁ గనఁబడును. 2048 పదముల పట్టికనుండి యంత్రమే వీనిని యేరును. వీనికే బీజపదములని పేరు, కర్షకునకు ఈ పేరు వెంటనే బోధపడును. యంత్రము పగిలినను, నీటఁబడినను, క్రొత్తయంత్రమున ఆ పదములను అదే వరుసలో నెక్కించినచో సొత్తు మఱల చేతికి వచ్చును. యంత్రముతోపాటు పదములును పోయినచో ఏ బ్యాంకును, ఏ న్యాయస్థానమును ఇప్పింపఁజాలదు. పదములు పరుల కంటఁబడినచో, యంత్రము బీరువాలో నుండఁగనే సొమ్ము వెడలిపోవును. యంత్రమునకుఁ దాళమువేసి, పదముల కాగితమును పాలపద్దు పుస్తకములోఁ బెట్టినవాఁడు ఊకను గాదెకెత్తి వడ్లను వాకిట వదలినవాఁడే.

పదపట్టికలు కొన్ని భాషలలోఁ గలవు, తెలుగున లేదు. ఉచ్చారణనుబట్టి తెలుఁగు లిపిలో వ్రాసికొన్నచో పిదప ఆంగ్లపు అక్షరక్రమము తప్పును. ఆంగ్లముననే పెద్దయక్షరములతో, వరుససంఖ్యలతో వ్రాయవలెను. ఆంగ్లపట్టికలో ఏ రెండు పదములకును మొదటి నాలుగక్షరములు ఒక్కటి కావు గనుక, చోటు చాలనిచో ఆ నాలుగే చాలును. ఫోనుతో ఫొటో తీయుట, వాట్సాపులోఁ బంపుట ఎంతమాత్రము కూడదు.

మన యిండ్లలో కాగితమునకు చెదలును వాననీరును శత్రువులు. స్టెయిన్‌లెస్ స్టీలు రేకుపైఁ జెక్కుకొనుట మేలు. గిన్నెలపైఁ బేర్లు వ్రాయు యంత్రము పాత్రల దుకాణములలో నుండును గదా యని అచ్చటికిఁ బోరాదు. దుకాణదారుని చూపు పడినచో బీజము ఇరువుర పాలైనట్లే. సుత్తియు మేకును గొని ఒక సాయంకాలము శ్రమపడినఁ జాలును. రెండవ రేకును నమ్మకమైన వేఱొక యింట దాఁచవలెను.

మోసగాండ్రు వెదకునదియు ఈ పదములనే. 2020లో లెడ్జర్ కొనుగోలుదారుల చిరునామాలు బయటఁబడెను. 2021లో వారిలోఁ గొందఱికి తపాలాలో నకిలీయంత్రములు చేరెను. తయారుచేయువారియొద్దనే కొనవలెను. పదములు ముందే అచ్చువేసి పెట్టెలో వచ్చినచో అది నిశ్చయముగా వంచన. కంపెనీవార మని ఫోను చేసినవానికిఁ జెప్పరాదు.

యంత్ర మున్నంతమాత్రమున నిశ్చింత లేదు. 2025 ఫిబ్రవరిలో బైబిట్ సంస్థనుండి సుమారు 150 కోట్ల డాలర్ల సొత్తు పోయినది. అచ్చటివారును ఇట్టి యంత్రములనే వాడిరి. కంప్యూటరుతెర చూపినది వేఱు, వారు ముద్రవేసినది వేఱు. యంత్రపుఁ జిన్నతెరపై చిరునామాను, మొత్తమును చదివిన పిదపనే మీట నొక్కవలెను.

చల్లుటకు ముందు గుప్పెడు గింజలను తడిగుడ్డలోఁ గట్టి మొలక చూచుట మన వాడుక. అట్లే మొదట స్వల్పమొత్తము పంపి, యంత్రమును పూర్తిగాఁ దుడిచి, రేకుమీఁది పదములతో మఱల తెఱచి చూడవలెను. ఆ మొత్తము కనఁబడిన పిదపనే మిగిలినది పంపఁదగును.

ఇంటివారికిఁ దెలియవలసినవి స్వల్పమే. లెడ్జర్ యంత్రమున రహస్యాంకెను మూఁడుమాఱులు తప్పుగా నొక్కినచో అది తుడుచుకొనిపోవును గనుక, తెలియక మీటలు నొక్కి చూడరాదు. రేకు ఉన్నచోటు భార్యకు గాని తల్లిదండ్రులకు గాని తప్పక తెలిసియుండవలెను. వీలునామాలో పదములను వ్రాయరాదు, అది పలువురి చేతులు మాఱును. చోటు తెలిసినవారెవరో వ్రాసినఁ జాలును. కొన్ననాఁటి రసీదులను వేఱుగా భద్రపఱుపవలెను: 2022 ఏప్రిల్ 1 మొదలు మనదేశమందు ఈ లాభముపై నూటికి 30 వంతున పన్ను విధింపఁబడినది, కొన్నవెల తప్ప మఱి యే ఖర్చును అందు మినహాయింపఁబడదు.