సర్దుకుపోయే చేప

"దీనికి పెద్దగా ఏమీ అక్కర్లేదు సార్. చిన్న సీసాలో వేసినా సర్దుకుపోతుంది."

నాలుగేళ్ల కిందట ఒక దుకాణంలో ఈ మాట విని, రెండు లీటర్ల గాజు గిన్నెలో నీలిరంగు ఫైటర్ చేపను ఇంటికి తెచ్చుకున్నాను. పదకొండు వారాలు బతికింది. ఆ పదకొండు వారాల్లో అది నన్ను ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి బాగుందనుకున్నాను. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

సర్దుకుపోతారన్న మాట మనం చేపల గురించే అనం. కొత్తగా ఇంటికొచ్చిన కోడలి గురించి అంటాం. తక్కువ మాట్లాడే పిల్లాడి గురించి అంటాం. ఎంత పని చెప్పినా కాదనని ఆఫీసు కుర్రాడి గురించి అంటాం. నోరు తెరిచి అడగని వాళ్లకు అవసరాలే ఉండవనుకుంటాం. ఈ అలవాటు పోవాలంటే అడగకముందే చూసే అలవాటు రావాలి. అది ఉపన్యాసాలు వింటే రాదు, చేతికి పని ఉంటే వస్తుంది. నాకు మాత్రం ఒక చిన్న ట్యాంకు దగ్గర వచ్చింది.

ముందు ఈ చేప ఎందుకు సర్దుకుపోతుందో తెలుసుకోండి. దీని సొంతూరు థాయిలాండ్. వరి మళ్లు, చిత్తడి నేలలు, మెల్లగా పారే కాలువలు దీని ఇల్లు. అక్కడ దీన్ని 'ప్లా కట్' అంటారు, కరిచే చేప అని అర్థం. 2019లో థాయిలాండ్ దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. దీని తలలో మొప్పలకు పైన మడతలు మడతలుగా ఒక అవయవం ఉంటుంది. పేరు లాబిరింత్. దాని సాయంతో నీటి పైకి వచ్చి నేరుగా గాలి మింగుతుంది. మనకు ఇది వింతేమీ కాదు. హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో టబ్బులో కొంచెం నీళ్లలోనే కొర్రమీను ప్రాణంతో కదులుతుండటం చూసే ఉంటారు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఆ కొర్రమీనుకూ గాలి పీల్చే విద్య ఉంది. వర్గీకరణలో ఈ రెండూ దూరపు చుట్టాలే.

అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఫైటర్ చేప గాలిని పైనుంచి తెచ్చుకోగలదు. ఒంటిని తడిపే నీళ్లను మాత్రం మార్చుకోలేదు. దాని మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది. పొలంలో నీళ్లు లోతు తక్కువైనా చాలా దూరం పరుచుకుని ఉంటాయి, విషం పలచబడిపోతుంది. రెండు లీటర్ల గిన్నెలో ఎక్కడికి పోతుంది? అదే చేపను ఇరవై లీటర్లలో ఉంచితే విషం చిక్కదనం పదో వంతుకు తగ్గుతుంది. వేడి, చలి కూడా అంత త్వరగా మారవు. అందుకే చిన్న ట్యాంకు అంటే నా లెక్కలో ఇరవై లీటర్లు. పదహారు అంగుళాల పొడవు, ఎనిమిది వెడల్పు, పది ఎత్తు. చదువుకునే బల్ల మీద ఒక మూలన పడుతుంది. అంతకన్నా చిన్నది కొంటే పని తగ్గదు, పెరుగుతుంది.

ట్యాంకు కొన్న రోజే చేపను కొనకండి. ఈ ఒక్క మాట వింటే సగం కష్టాలు రావు. నీళ్లు పోసి, స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, చిటికెడు మేత వేసి దాన్ని కుళ్లనివ్వండి. అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా, ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే మరో బ్యాక్టీరియా స్పాంజ్ మీద, గులకరాళ్ల మీద నెమ్మదిగా స్థిరపడతాయి. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఖాళీ ట్యాంకును నెలన్నర చూస్తూ కూర్చోవడం ఇంట్లో పిల్లలకే కాదు, పెద్దలకూ కష్టమే. మా అమ్మాయి రోజూ స్కూలు నుంచి రాగానే "ఇవాళైనా తెద్దామా నాన్నా?" అని అడిగేది. టెస్ట్ చుక్కలు వేసి చూపించేవాణ్ని. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా అని రంగు చెప్పిన రోజున మేం ఎర్ర తోక ఉన్న చేపను తెచ్చాం. కావాలనిపించిన దానికీ తెచ్చుకున్న దానికీ మధ్య సిద్ధపడే కాలం ఒకటుంటుందని ఆ పిల్ల ఆరో తరగతిలోనే నేర్చుకుంది. నాకు అది నలభై దాటాక తెలిసింది.

నీళ్ల సంగతి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన కొలత ప్రకారం వేయాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ, మన ప్రాంతంలో చాలాచోట్ల గట్టి నీళ్లు. వాటి పీహెచ్ ఎక్కువగా ఉంటే అమ్మోనియా మరింత విషమవుతుంది. ఉత్త ఆర్‌ఓ నీళ్లు కూడా మంచివి కావు, చేపకు కావాల్సిన లవణాలు అందులో మిగలవు. కొంత బోరు, కొంత ఆర్‌ఓ కలిపి ఒకే పాళ్లలో ఎప్పుడూ పోయడం మేలు. ఈ చేప పీహెచ్ కాస్త అటూ ఇటూ ఉన్నా తట్టుకుంటుంది, రోజుకో రకంగా మారితే తట్టుకోలేదు.

వారానికొకసారి పావు వంతు నీళ్లు తీసి, అంతే వేడి ఉన్న కొత్త నీళ్లు పోయండి. పావు వంతే. నేను రెండో తప్పు చేసింది ఇక్కడే. ఒక పండగ ముందు రోజు ఇల్లంతా శుభ్రం చేస్తూ, ట్యాంకూ మెరవాలని నీళ్లన్నీ పారబోసి, రాళ్లు రుద్ది, స్పాంజ్‌ను కుళాయి కింద పిండి పిండి కడిగాను. మూడో రోజుకు నీళ్లు తెల్లగా మసకబారాయి. చేప రెక్కలు ముడుచుకుని అడుగున పడుకుంది. నెలన్నర ఓపికతో పెంచిన బ్యాక్టీరియాను పది నిమిషాల ఉత్సాహంతో కడిగేశాను. పది రోజుల పాటు రోజూ కొంచెం కొంచెం నీళ్లు మారుస్తూ దాన్ని నిలబెట్టుకున్నాం. స్పాంజ్‌ను ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు మెల్లగా పిండాలి, అంతే.

ఆర్నెల్లు పట్టించుకోకుండా ఉండి ఒక్క ఆదివారం అంతా మార్చేద్దామనుకునే వాళ్లను నేను చాలామందిని చూశాను. డైటింగ్ అలాగే చేస్తారు, పిల్లల చదువూ అలాగే సరిదిద్దుతారు. వారం వారం ఐదు లీటర్లు మార్చేవాడి పని గొప్పగా కనిపించదు. చేప బతికేది మాత్రం ఆ ఐదు లీటర్ల వల్లే.

మేత దగ్గర మన ప్రేమను అదుపులో పెట్టుకోవాలి. ఫైటర్ చేప కడుపు ఇంచుమించు దాని కన్నంత. పూటకు రెండు మూడు గుళికలు, రోజుకు రెండు పూటలు, వారంలో ఒక రోజు ఉపవాసం. మనిషి కనిపించగానే అది గాజు దగ్గరకొచ్చి తోకాడిస్తుంది. దాన్ని ఆకలి అనుకుంటాం. మా ఇంట్లో ఉదయం నేను, స్కూలుకెళ్లే ముందు అమ్మాయి, మధ్యాహ్నం మా అమ్మ "పాపం, నన్నే చూస్తోందిరా" అంటూ వేసేవాళ్లం. కడుపు ఉబ్బి చేప పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. రెండు రోజులు మేత ఆపితే తేరుకుంది. అమ్మ బీపీ మాత్రలకు వాడే వారం డబ్బా లాంటిదే ఇంకొకటి కొని, ఏ పూట గుళికలు ఆ గదిలో లెక్కపెట్టి పెట్టాం. గది ఖాళీగా ఉంటే మేత పడినట్టే. ఎవరు వేశారన్న వాదనే లేకుండా పోయింది. ఇంట్లో నలుగురూ ప్రేమగా చేసే పని ఏదైనా సరే, లెక్క ఒక్కచోట ఉండాలి.

వేడి 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మనది వేడి దేశం కదా, హీటరెందుకని అడుగుతారు. డిసెంబరులో హైదరాబాద్ తెల్లవారుజాము గుర్తు తెచ్చుకోండి. ఇరవై లీటర్లకు థర్మోస్టాట్ ఉన్న 25 వాట్ల హీటరు చాలు. నీళ్లు మార్చేటప్పుడు స్విచ్ ముందే ఆపేయండి. మే నెలలో కష్టం వేరు. నీళ్లు ముప్పై దాటుతుంటే మూత కొంచెం తీసి, చేప ఎగరకుండా వల కప్పి, పైన ఫ్యాను తిరగనివ్వండి. ఐసు ముక్కలు వేయకండి.

పొడుగు రెక్కల చేప ప్రవాహానికి అలసిపోతుంది, కాబట్టి ఫిల్టర్ గాలిని తగ్గించి పెట్టండి. ఒక ట్యాంకులో రెండో మగ చేప వద్దు. అద్దం చూపించి రెక్కలు విప్పించే సరదా రెండు నిమిషాలు చాలు. ఎండిన బాదం ఆకు ఒకటి వేయండి. మన వీధుల్లో గొడుగులా పరుచుకునే ఆ చెట్టు ఆకే. మందులు కొట్టని చెట్టుది ఏరి, కడిగి వేస్తే నీళ్లు పలచటి టీ రంగుకు తిరుగుతాయి. థాయిలాండ్‌లో పెంపకందార్లు ఎంతో కాలంగా చేసే పని ఇది. ఆ నీడలో చేప స్థిమితంగా ఉంటుంది.

రోజూ రెండు నిమిషాలు ట్యాంకు ముందు ఊరికే కూర్చోండి, ఫోను పక్కన పెట్టి. రెక్కలు విప్పి ఉన్నాయా, ముడుచుకున్నాయా? తోక అంచులు చిరిగాయా? ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలో, బంగారు పొడి లాంటి పూతో కనిపిస్తోందా? ఏదైనా తేడా కనిపిస్తే మందుల సీసా వైపు పరుగెత్తకండి. మొదట నీళ్లు పరీక్షించండి. చిరిగిన తోక చాలాసార్లు మంచి నీళ్లతోనే తిరిగి పెరుగుతుంది. ఒళ్లు ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకునే దాకా వస్తే కాపాడటం చాలా కష్టం. ఆ దశకు ముందు ఎన్నో రోజులు అది మనకు చెబుతూనే ఉంటుంది, రంగుతో, కదలికతో.

ఈ రెండు నిమిషాలు నన్ను మార్చాయి. అమ్మ కాఫీ సగం వదిలేసిందని, అమ్మాయి అన్నం కెలుకుతోందని ఇప్పుడు నాకు ఆ పూటే కనిపిస్తుంది. పక్కన కూర్చుని అడుగుతాను.

ఇంకొక్క సంగతి చెప్పాలి, ఏటా వచ్చేదే కాబట్టి. సంక్రాంతికి ఊరెళ్తే చేప ఏమవుతుందని బెంగపడతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప మూడు నాలుగు రోజులు మేత లేకుండా ఉండగలదు. పక్కింటి వాళ్లకు డబ్బా అప్పగిస్తే జాలికొద్దీ ఎక్కువ వేస్తారు, మేతంతా కుళ్లుతుంది. వెళ్లే ముందు రోజు నీళ్లు మార్చండి. హీటరు, ఫిల్టరు ఆన్‌లోనే ఉంచండి. మూత సరిగా పడిందో లేదో చూసి తలుపు వేయండి. మేం కనుమ దాటాక తిరిగొచ్చి తాళం తీయగానే సంచులు గుమ్మంలోనే పడేసి, ముగ్గురం ముందు ట్యాంకు దగ్గరకే వెళ్తాం. ఎర్ర తోక గాజు దగ్గరకు వస్తుంది. గుళికలు రెండే వేయమని మా అమ్మే గుర్తుచేస్తుంది.