పాముని పెంచబోయే మేనల్లుడికి

ఉప్పలగుప్తం

శ్రీనూ,

డల్లాస్‌లో నువ్వు కార్న్ స్నేక్‌ని పెంచుతానన్నావని మీ అమ్మ బెంగపెట్టుకుంది. అది విషం లేని పాము, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవుల్లో, పొలాల్లో ఎలుకల్ని తిని బతికేది, మన జెర్రిగొడ్డు లాంటిదేనని సర్దిచెప్పాను. జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి కనుక నీకు మాత్రం నాలుగు మాటలు గట్టిగా చెప్పాలి.

మన కోనసీమలో ప్రేమంటే వడ్డించడం. వద్దన్నా ఇంకో గరిటె వేస్తేగాని మనకు తృప్తి ఉండదు. ఆ అలవాటు పాము దగ్గర పనికిరాదు. మనం తిన్నదాంట్లో చాలాభాగం ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చవుతుంది. పాముకి ఆ ఖర్చు లేదు, వేడిని బయటినుంచే తీసుకుంటుంది. అందుకే కొంచెం తిండి చాలు. పిల్లపాముకి వారానికో ఎలుకపిల్ల, ఎదిగినదానికి పది పద్నాలుగు రోజులకో ఎలుక. ఎలుక లావు పాము నడుం లావంత ఉంటే సరి, మహా అయితే ఓ పిసరు ఎక్కువ. అంతకు మించి పెడితే కొవ్వు పట్టి జబ్బుపడుతుంది.

ఫ్రీజర్‌లో పెట్టి అమ్మే చచ్చిన ఎలుకలే కొను. బతికున్న ఎలుక తిరగబడి పాముని కొరుకుతుంది. ఎలుకని పూర్తిగా కరగనిచ్చి, వేడినీళ్లలో కాసేపు ఉంచి, పొడుగాటి పట్టకారుతో అందించు. మైక్రోవేవ్ జోలికి పోకు. తిన్నాక రెండు రోజులు దాన్ని చేత్తో తీయకు, కక్కేస్తుంది. కుబుసం విడిచే ముందు కళ్లు మసకబారతాయి, తిండి మానేస్తుంది. కంగారుపడి బలవంతం చెయ్యకు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన చేతులు నీవి. ఈ పాముకి మాత్రం పాలు పెట్టకు, అరగవు. గిన్నెలో మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి.

ఇక ఇల్లు. శీతాకాలం పొద్దున్నే మన చేలగట్టు మీద జెర్రిగొడ్డుని చూసే ఉంటావు. ఎండలో బారుగా పడుకుని, ఒళ్లు వేడెక్కగానే ఎలుక కన్నంలోకి జారుకుంటుంది. తిన్నది అరగడానికి వేడి కావాలి, ఆ వేడి ఎక్కువైతే తప్పుకోవడానికి నీడ కావాలి. నీ గాజుపెట్టెలో ఆ గట్టూ ఉండాలి, ఆ కన్నమూ ఉండాలి. ఎదిగిన పాముకి పెట్టె నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు ఉంటే మంచిది. ఒక చివర 85 నుంచి 88 డిగ్రీల ఫారన్‌హీట్, రెండో చివర 75 నుంచి 80. థర్మోస్టాట్ లేకుండా హీట్ మ్యాట్ వెయ్యకు, ఒళ్లు కాలుతుంది. రెండు చివరలా ఒక్కో ఇరుకు గూడు పెట్టు. చల్లటి వైపే గూడుంటే, వేడి అవసరమైనా భయంతో అందులోంచి కదలదు. అడుగున ఆస్పెన్ చెక్కపొట్టు పరుచు. సెడార్ పొట్టు వాసన దానికి హాని. మూతకి గడియ బిగించు, చిన్న సందు దొరికినా బయటపడుతుంది.

పాముని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో, సాల్మొనెల్లా అంటుతుంది. అపార్ట్‌మెంటువాళ్ల అనుమతి ముందే తీసుకో. అది పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఉద్యోగం మారినా, పెళ్లయినా దాని పూచీ నీదే. విసుగొచ్చిందని బయట వదిలెయ్యడం పాపం.

నీ ఫొటోలు చూసి ఇక్కడ మన పిల్లలు జెర్రిగొడ్డుని పట్టి పెంచుదామంటారేమో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని వాళ్లకి నువ్వే చెప్పు, నీ మాటైతే వింటారు.

కుక్క ఆకలేస్తే అరుస్తుంది, చలేస్తే ఒళ్లోకి వస్తుంది. పాము అడగదు, మూలగదు. దాని బాధ మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. కనుక ముందు పెట్టె సిద్ధం చేసి, ఖాళీగానే వారం రోజులు నడుపు. రెండు చివరల వేడి పొద్దునా రాత్రీ రాసి నాకు పంపు. లెక్క నిలకడగా ఉంటే అప్పుడు పాముని తెచ్చుకో. పెంపకంలో పుట్టి, ఫ్రీజర్ ఎలుకలు తినడం అలవాటైన పిల్లనే ఎంచుకో. మీ అమ్మకి నేను నచ్చజెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య